ఒక్క దుంపను నమ్ముకుంటే

ఆలుగడ్డ అన్నా, ఉర్లగడ్డ అన్నా, బంగాళాదుంప అన్నా ఒకటే. మన ఇళ్లలో అది కూర. కొన్ని దేశాల్లో అదే కూడు. మనకు వరి, జొన్న ఎట్లాగో వాళ్లకు దుంప అట్లా.

దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి కొండల మీద వేల ఏళ్లుగా దాన్ని పండిస్తున్నారు. సుమారు 450 ఏళ్ల కిందట అది ఓడలెక్కి యూరప్ చేరింది. ఐర్లాండు అనే దేశానికీ వచ్చింది.

ఐర్లాండు ఇంగ్లాండు పక్కనే ఉన్న దీవి. అప్పట్లో ఇంగ్లాండు ఏలుబడిలో ఉండేది. మంచి భూములు భూస్వాములవి. పేదలకు దక్కింది చిన్న చిన్న ముక్కలు. అంత కొంచెం నేలలో ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది దుంప ఒక్కటే. పొద్దున దుంప. రాత్రి దుంప. దొరికితే ఇంత మజ్జిగ.

పేదలు వేసింది కూడా దాదాపు ఒకే రకం దుంప. దుంపకు గింజ నాటరు. కన్ను ఉన్న ముక్కను కోసి నాటుతారు. అందుకే పిల్ల మొక్క అచ్చం తల్లి మొక్కలాగే ఉంటుంది. తల్లికి ఏ తెగులు తగులుతుందో పిల్లకూ అదే తగులుతుంది.

1845లో ఆ తెగులు రానే వచ్చింది. ఆకులు నల్లబడ్డాయి. తవ్వి చూస్తే దుంపలు కుళ్లి కంపు కొట్టాయి. తవ్వి దాచినవీ కుళ్లాయి. 1846లో పంట దాదాపు అంతా పోయింది. ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన జ్వరాలకూ సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మంది ఊళ్లు విడిచి ఓడలెక్కారు.

మరి దేశంలో వేరే తిండి లేదా? ఉంది. గోధుమ, ఓట్స్ పండాయి. పశువులున్నాయి. కానీ అవి కౌలు కట్టడానికి పోయాయి. ఓడల్లో ఇంగ్లాండుకు పోయాయి. ఆ చావులన్నీ తెగులు మీదికే నెట్టడం న్యాయం కాదు.

ఇక దుంప పుట్టింటి సంగతి చూద్దాం. పెరూ దేశంలో ఆండీస్ అనే కొండలున్నాయి. చాలా ఎత్తు. రాత్రి మంచు కాటు వేస్తుంది. పగలు ఎండ మండుతుంది. అక్కడి రైతులు ఒకే చేనులో పలు రకాల దుంపలు కలిపి నాటుతారు. నల్లవి, ఎర్రవి, పసుపువి, ఊదావి. ఒకటి చలికి ఆగుతుంది. ఒకటి తెగులుకు ఆగుతుంది. ఒకటి రుచి. ఒకటి నిండా బుడిపెలతో ఉంటుంది. దాని తొక్క తీయడం మహా కష్టం. దానికి వాళ్ల భాషలో పేరు “కోడలిని ఏడిపించేది”. అత్తాకోడళ్ల సంగతి ఎక్కడైనా ఉన్నదే!

కొన్ని చేదు దుంపలను రాత్రి మంచులో పరుస్తారు. పగలు ఎండకు వదులుతారు. కాళ్లతో తొక్కి నీరు పిండుతారు. అట్లా ఎండినవి ఏళ్ల తరబడి నిలువ ఉంటాయి. పంట పోయిన ఏడు అవే ఆదుకుంటాయి. ఏ దుంప విత్తనానికి, ఏది వంటకు అని ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఆ దేశ రాజధాని లిమాలో ఒక పరిశోధన కేంద్రం ఉంది. అందులో 4,000కు పైగా దుంప రకాలను కాపాడుతున్నారు.

ఒకే పంట వేస్తే పని సులువు. అమ్మకం సులువు. యంత్రాలతో వేల ఎకరాలు సాగు చేసే దేశాలు ఆ దారిలోనే పోతున్నాయి. ఇక్కడ పత్తి వేసే రైతు లెక్క కూడా అదే. ధర ఉంటే డబ్బు కళ్లజూస్తాడు. పురుగు పడితే మాత్రం ఇంట్లో తినడానికి పత్తి పనికిరాదు.

తెలంగాణలో జహీరాబాదు చుట్టుపక్కల వానలు తక్కువ. చాలా చేలకు బోరు లేదు, కాలువ లేదు. అక్కడ పేద ఆడవాళ్లు సంఘాలు కట్టుకున్నారు. 1980ల నుంచి పాత పంటలను నిలబెట్టుకుంటూ వచ్చారు. ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుము, కొర్ర కలిపి వేస్తారు. గట్టున పుంటికూర. వాన ముందే ఆగిపోతే కొన్ని ఎండిపోతాయి. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి అది నిలుస్తుంది. పప్పుజాతి మొక్కలు నేలకు బలం ఇస్తాయి. జొన్న చొప్ప పశువులకు మేత.

విత్తనాలు కొనరు. గింజకు బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోస్తారు. బుట్ట మూతికి మట్టి, పేడ మెత్తుతారు. విత్తనం లేని ఆమె సంఘంలో అడిగి తీసుకుంటుంది. పంట చేతికొచ్చాక రెట్టింపు కొలిచి ఇస్తుంది. ఆ గింజలు మళ్లీ ఇంకో ఇంటికి పోతాయి.