గాయం తొందరను ఆపిన పొర

కాలిన గాయం మానితే చర్మం తిరిగి వచ్చినట్టేనని సామాన్యంగా అనుకుంటారు గానీ, ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో గ్రహించడానికి వైద్యశాస్త్రానికి చాలాకాలమే పట్టింది. చర్మంలో ప్రధానంగా రెండు పొరలున్నాయి: రక్తనాళాలు లేని పలుచని పైపొరను బాహ్యచర్మమనీ, దాని అడుగున కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులతో అల్లుకుని రక్తనాళాలను, నాడులను, స్వేదగ్రంథులను ఇముడ్చుకున్న మందమైన పొరను అంతశ్చర్మమనీ అంటారు. పైపొర మాత్రమే కమిలితే అది తనంతట తానే పెరుగుతుంది. అంతశ్చర్మం పూర్తిగా కాలిపోతే శరీరం దానిని తిరిగి నిర్మించుకోలేదు. అప్పుడు గాయపు అంచులు లోపలికి లాక్కుని దగ్గరవుతాయి, మిగిలిన ఖాళీని బిరుసైన మచ్చ పూడుస్తుంది. చూడడానికి పుండు మానినట్టే ఉంటుంది. అయితే మెడ ఛాతీవైపు లాగేసుకుని, మోచేయి వంగినచోటే బిగిసిపోయి, వేళ్లు చాచడానికి వీల్లేక ఆ మనిషి ఆ మానిన గాయంతోనే ఏళ్లతరబడి బాధపడవలసి వస్తుంది.

అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో ఈ సమస్యపై కలిసి పనిచేసినవారిలో జాన్ బర్క్ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు కాగా, గ్రీసులో పుట్టిన ఇయోనిస్ యానస్ ఎంఐటీలో పాలిమర్లను అధ్యయనం చేసే ఆచార్యుడు. కాలి చచ్చిన చర్మం సూక్ష్మక్రిములకు నెలవవుతుంది కాబట్టి దానిని తొలి రోజుల్లోనే కోసి తీసేయాలన్నది బర్క్ పద్ధతి. తీసేసిన చోటును వెంటనే కప్పాలి, లేకపోతే ఒంట్లోని నీరు కారిపోతుంది. రోగి తొడనుంచో వీపునుంచో పలుచని చర్మం తీసి అతికించడం మంచి మార్గమే గానీ, ఒళ్లు సగానికి పైగా కాలినవారికి ఆ చర్మమే కరువు. చనిపోయినవారి నుంచి సేకరించిన చర్మం కొన్ని వారాలు కాపాడినా, చివరికి శరీరం దానిని పరాయిదిగా గుర్తించి వదిలించుకుంటుంది.

అందువల్ల గాయాన్ని త్వరగా మూసే కృత్రిమ పొర కోసం వారు కొల్లాజెన్‌తో రకరకాల పొరలు చేసి గినీ పందులపై పరీక్షించారు. ఏ పొరా గాయాన్ని త్వరగా మూయలేదు సరికదా, ఒక రకం పొర వేసినచోట మూసుకోవడం ఇంకా ఆలస్యమైంది. పనికిరాదని పారేయవలసిన ఆ ఫలితాన్ని వదలకుండా పరిశీలించడంలోనే యానస్ గొప్పతనం ఉంది. ఆ పొర గాయపు అంచులను ముడుచుకోనివ్వలేదు. ఆ వ్యవధిలో చుట్టుపక్కల కణాలు దాని రంధ్రాల్లోకి పాకి, మచ్చకు బదులు కొత్త అంతశ్చర్మాన్ని నేశాయి. తొందరగా మూసుకోవడమే మేలన్న నమ్మకం అక్కడ తలకిందులైంది.

ఆ పొర నిర్మాణం కూడా తెలుసుకోదగినదే. ఆవు నుంచి తీసిన కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థంతో కలిపి గడ్డకట్టించి, మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేస్తే, మంచు స్ఫటికం ఉన్న ప్రతిచోటా ఒక రంధ్రం మిగిలి మొత్తం స్పాంజిలా తయారవుతుంది. దానిపైన అతికించిన పలుచని సిలికోన్ రేకు బాహ్యచర్మం బదులు తేమను ఆపి, క్రిములను అడ్డుకుంటుంది. శరీరం తన అంతశ్చర్మాన్ని కట్టుకుంటున్నకొద్దీ స్పాంజి క్రమంగా కరిగిపోతుంది. రెండు మూడు వారాల తరువాత వైద్యులు సిలికోన్‌ను ఒలిచి, రోగి సొంత బాహ్యచర్మాన్ని అతి పలుచగా తీసి కప్పుతారు. అంత పలుచగా తీసినచోటు త్వరగా మానుతుంది కనుక అవసరమైతే అక్కడినుంచే మళ్లీ తీయవచ్చు.

శరీరంలో 50 నుంచి 95 శాతం వరకు కాలిన పదిమందికి ఈ చికిత్స చేసిన వివరాలను 1981లో ప్రచురించారు. 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వడంతో ఇది ఇంటెగ్రా పేరుతో ఆసుపత్రులకు చేరింది. ఖరీదు ఎక్కువ, కింద చీము పడితే మొత్తం తీసేయవలసి వస్తుంది. పైగా ఇలా పుట్టిన చర్మంలో వెంట్రుకలుండవు, స్వేదగ్రంథులుండవు; ఒళ్లు చాలాభాగం కాలి బతికినవారు ఆ మేరకు చెమట పట్టక, ఎండాకాలంలో శరీరపు వేడి దిగక నేటికీ అవస్థపడుతున్నారు.