దస్త్రము చెడరాదు, ద్వారము మూయరాదు



మీ పొలము మీదియని చెప్పు లెక్క నేడెచ్చట నున్నదో యెన్నడైన నాలోచించితిరా? పూర్వము పహాణీ పట్వారీగారి దస్త్రములో నుండెడిది. 1984వ సంవత్సరమున ఆ పదవులు రద్దయిన పిమ్మట దస్త్రములు సర్కారు కచేరీలకు చేరినవి. 2020 అక్టోబరు 29వ తేదీన ధరణి వచ్చినది. 2025 ఏప్రిల్ 14వ తేదీన దాని స్థానమున భూభారతి వచ్చినది. ఇప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారుని పేరు అన్నియు దూరపు యంత్రములలో అంకెలుగా నున్నవి. మా గోలేటివంటి గనుల యూళ్ళలో, కొలువు దిగిపోయిన కార్మికుని భవిష్యనిధి లెక్కయు, పింఛను లెక్కయు నట్లే. ఇట్టి యంత్రములుండు శాలను డేటా సెంటరందురు. అందలి లెక్కను ఎట్లు నిలువ చేయుదురో, అది యెల్లవేళల మనకందునట్లు ఎట్లు చూచెదరో యీ పూట విన్నవించెదను.

మొదట రెండు మాటలను వేఱుచేసి చూడవలెను. దస్త్రము చెడకుండుట యొకటి. కోరిన వేళ చేతికందుట వేఱొకటి. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున నొక యఱలో భద్రపఱచిరి. రేకులు చెడలేదు. అయినను శతాబ్దములకొలది అవి పాడువారి చేతికందలేదు. ఇరువదవ శతాబ్ది తొలిపాదమునగాని లోకమునకు వెల్లడి కాలేదు. అది భద్రతయే కాని లభ్యత కాదు. పొలము రిజిస్ట్రేషనునకు పోయిన రైతునకు, ఆసుపత్రి ఖర్చునకు నిధి కోరు కార్మికునకు, ఈ రెండును గావలెను.

ఇక నిలువ సంగతి. యంత్రములలో లెక్కలు వ్రాయు పలకను డిస్కు అందురు. 1956వ సంవత్సరమున అమెరికా దేశపు ఐ.బి.ఎం. సంస్థ మొదటి డిస్కు యంత్రమును వెలువరించినది. అందు ఏబది పెద్ద పలకలుండెను. అన్నియు గలిసి సుమారు ఏబది లక్షల అక్షరములు పట్టెడివి. నేడు అరచేతిలో నిమిడెడి డిస్కు దానికి లక్షల రెట్లు పట్టును. కాని చాల డిస్కులలో పలక నిమిషమునకు 7,200 మాఱులు తిరుగుచుండును. తిరుగునది అరుగక మానదు. వేలకొలది డిస్కులున్న శాలలో నేడొకటి, ఱేపొకటి చెడుచునే యుండును. చెడనిదానిని వెదకుట వ్యర్థము. చెడినను నష్టము లేకుండ జూచుటయే నేర్పు.

ఆ నేర్పునకు 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు పండితులు ఒక శాస్త్రరూపము నిచ్చిరి. దానిని రెయిడ్ అందురు. నేను బడిలో లెక్కలు చెప్పిన తీరుననే చెప్పెదను. మూడు పలకలపై 25, 40, 35 అని వ్రాసితి మనుకొనుడు. నాల్గవ పలకపై మొత్తము 100 అని వ్రాయుదము. రెండవ పలక పగిలినది. మిగిలిన 25, 35లను నూటినుండి తీసివేసిన 40 మఱల వచ్చును. యంత్రమున కూడిక విధము కొంచెము వేఱు, సూత్రమిదియే. అయితే, పోయినదానిని తిరిగి వ్రాయుచుండగా మఱియొక పలక పగిలినచో ఈ లెక్క చాలదు. అందుకై రెండు విధముల మొత్తములను వ్రాసియుంచు పద్ధతియు గలదు. చెడిన పలకను గుర్తించి వెంటనే మార్పనివానిని ఏ పద్ధతియు కాపాడలేదు.

డిస్కులు వేఱ్వేఱు, వాడుకొనువారు వేఱ్వేఱు. ఎవనికి ఏ డిస్కు ఇయ్యవలెను? ఇచ్చట వాల్యూము అను ఏర్పాటు వచ్చును. ఉమ్మడి కుటుంబములో చిన్నవి పెద్దవి ఐదు గుమ్ములున్నవి. ఇంటిపెద్ద ‘పెండ్లికి ఇరువది బస్తాలు, విత్తనమునకు పది, తిండికి ముప్పది’ యని పాళ్ళు పెట్టును. పెండ్లివడ్లు ఏ గుమ్మిలో నున్నవో కోడండ్రకు దెలియనక్కఱలేదు. పెద్ద వ్రాసికొన్న చిట్టాలో నుండును. ఒక గుమ్మి పురుగుపట్టిన వడ్లు మఱొక గుమ్మికి మార్చినను పెండ్లి పాలు చెక్కుచెదరదు. పాలు చాలనిచో క్రొత్త గుమ్మి తెచ్చి కలుపవచ్చును. ఈ పాలే వాల్యూము. డిస్కు కంటికి కనబడు వస్తువు. వాల్యూము చిట్టాలోని హక్కు.

దీనివలన రెండపాయములు గలవు. మొదటిది, చిట్టా చెడినచో వడ్లున్నను ఎవరివో తెలియదు. కావున చిట్టా ప్రతులను పలుచోట్ల వ్రాసియుంతురు. రెండవది, అందఱును తమ పాలు ఒకేమాఱు తీసికొనరుగదా యను ధైర్యముతో ఉన్నదానికంటె నెక్కువ పాళ్ళు వ్రాసియిచ్చుట. ఇది పొదుపుగల పద్ధతియే. కాని గుమ్మి యడుగును దినదినము చూడనిచో, ఒకనాడు అందఱి వ్రాతయు నొక్కసారిగ నిలిచిపోవును.

ఇంతవఱకు దస్త్రము చెడకుండుట. ద్వారము మూతపడకుండుటకు మన గనులే చక్కని పాఠము చెప్పుచున్నవి. 1862 జనవరి 16వ తేదీన ఇంగ్లండులోని హార్ట్లీ బొగ్గుగనిలో నీరు తోడు యంత్రపు ఇనుప దూలము విఱిగి, దాని సగము గని బావిలో బడెను. ఆ గనికి బావి యొక్కటే. దానినే చెక్క తడికతో రెండుగా విభజించి గాలి యాడునట్లు చేసియుండిరి. చూపునకు రెండు, నిజమునకొకటే. ఆఱు దినములకు దారి చేసికొని లోనికి పోయినవారికి బ్రతికిన వాడొక్కడును కనబడలేదు. ఆ ప్రమాదమున 204 మంది గతించిరి. ఆ యేడే గనికి రెండు దారులుండవలెనని అచ్చట శాసనమయ్యెను. మన దేశపు బొగ్గుగనుల నిబంధనలును రెండు దారులనే విధించుచున్నవి.

డేటా సెంటరునకును ఇదియే ధర్మము. విద్యుత్తు రెండు మార్గముల రావలెను. అది పోయిన క్షణమున బ్యాటరీలు, పిమ్మట డీజిలు జనరేటరులు అందుకొనవలెను. చల్లదన మిచ్చు యంత్రములు, వార్త మోయు తీగలు, లెక్కచేయు సర్వరులు అన్నియు జంటలుగా నుండవలెను. నూఱు దినములలో నొకదినము చెడు యంత్రము ఒక్కటియే యున్నచో ఏటికి మూడుదినములకు పైగా పని నిలుచును. అట్టివి రెండుండి, ఒకదాని చెడుగుతో రెండవదానికి సంబంధము లేనిచో, రెండును ఒకేనాడు చెడుట పదివేల దినములకొకమాఱు, అనగా సుమారు ఇరువదియేడేండ్లకొకమాఱు. ‘సంబంధము లేనిచో’ అను మాటను గట్టిగ పట్టుకొనుడు. రెంటికిని ఒకే తీగనుండి విద్యుత్తు వచ్చినచో అవి హార్ట్లీ గని తడికవంటివే.

పెద్ద సంస్థలు ఏటికి నూటికి 99.9 పాళ్ళు తెఱచియుంతుమనిన, 8 గంటల 45 నిమిషములు మూతపడవచ్చునని యర్థము. 99.999 అనిన 5 నిమిషములకు కొంచెము పై మాట. ఒక్కొక్క తొమ్మిది చేర్చుటకు వ్యయము మిక్కిలి పెరుగును. కావున ఏ పనికి ఎంత గావలెనో యెఱిగి యేర్పఱచుకొందురు.

జంట యంత్రములలో నొకటి పనిచేయుచుండ రెండవది దాని నాడి చూచుచుండును. ‘ఉన్నావా?’ అని క్షణక్షణము అడుగును; ఉత్తరము రానిచో తాను బాధ్యత వహించును. ఇచ్చటనే గొప్ప చిక్కు గలదు. మొదటిది చావలేదు, నడుమ తీగ మాత్రము తెగినది. అప్పుడు రెండును తామే యజమానులమని వ్రాయ మొదలిడును. ఒక ఊరికి ఇద్దఱు పట్వారీలు కూర్చుండి, ఒకడు పొలమును రామయ్యకును, మఱొకడు భీమయ్యకును వ్రాసినట్లగును. తరువాత తీగ కలిసినను ఏ వ్రాత నిజము? దీనికి పెద్దలు కనిపెట్టిన మందు మన పంచాయతీయే. మూడవ సాక్షి నొకనిని నియమింతురు. మువ్వురిలో ఇద్దఱి సమ్మతి గలవాడే వ్రాయవలెను. ఒంటరియైనవాడు కలము క్రింద పెట్టవలెను. పెట్టనిచో వాని విద్యుత్తునే తీసివేయుదురు.

మఱి శాలయే కాలిపోయినచో? 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజన్ నగరమున ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీలు అంటుకొని, 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయినవి. ఉద్యోగుల పత్రములుంచిన యొక నిలువ, 858 టెరాబైట్లు, వేఱొకచోట ప్రతి లేనందున బూడిదయైనది. అంతటి సాంకేతిక విద్యగల దేశమునకే యట్లయినది. కావున రెండవ ప్రతి వేఱొక నగరమున నుండవలెను. మన దేశమున జాతీయ సమాచార కేంద్రమువారికి దిల్లీ, పూనా, హైదరాబాదు, భువనేశ్వరములలో ఇట్టి శాలలు గలవు. 2022 నవంబరులో అమెజాను సంస్థ హైదరాబాదున స్థాపించిన కేంద్రమును సైతము మూడు వేఱ్వేఱు మండలములుగా విభజించిరి.

దూరమునకును వెల గలదు. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోవును. దూరపు ప్రతి వ్రాసితినని చెప్పువఱకు వేచియున్నచో నష్టము లేదు గాని ప్రతి వ్రాతయు ఆలస్యమగును. వేచియుండనిచో వేగము గలదు గాని, శాల కాలిన క్షణమున చివరి కొన్ని వ్రాతలు పోవచ్చును. అందుచే దగ్గఱి శాలకు వేచియుండి, దూరపు శాలకు వెనువెంట పంపుట వాడుక.

ఇంకొక్క మాట మీ మనస్సులలో నిలుపుకొనుడు. జంట ప్రతి యనునది అద్దము. మొగమున మసి యున్న అద్దమునను మసియే కనబడును. ఎవడైన తప్పుపేరు వ్రాసినను, దుర్మార్గుడు చెఱిపినను, క్షణములో అన్ని ప్రతులలోను ఆ తప్పే నిలుచును. దీనికి అద్దము మందు కాదు. నిన్నటి ప్రతి, నెలక్రిందటి ప్రతి, నిరుటి ప్రతి వేఱుగ దాచియుంచుటయే మందు. ఆ దాచిన ప్రతిని అప్పుడప్పుడు తెఱచి చదివి చూడవలెను. తెఱచి చూడని విత్తనపు కుండలో మొలకెత్తు గింజ యున్నదని యెవడు చెప్పగలడు?

కావున గ్రామవృద్ధులారా, మన వంతు పని మూడు విధములు. ఏటికొకమాఱు మీ పహాణీని తీయించి, పేరు, నంబరు, విస్తీర్ణము సరిగా నున్నవో లేవో చదివించుకొనుడు. దాని ప్రతిని, పట్టాదారు పాసుపుస్తకపు ప్రతిని, నిధి, పింఛను కాగితముల ప్రతులను ఇంట నొకటి, కూతురి యింటనో కుమారుని యింటనో వేఱొక ఊర నొకటి యుంచుడు. గ్రామసభకు అధికారులు వచ్చినపుడు మర్యాదగా అడుగుడు: ‘అయ్యా, మా లెక్కకు రెండవ ప్రతి వేఱొక నగరమున గలదా? దానినుండి తిరిగి తీసి చూచితిరా? శాల మూతపడిన ఎంత సేపటిలో తెఱతురు?’ ఈ ప్రశ్నలకు యంత్రవిద్య రానక్కఱలేదు. రెండు దారులు లేని గనిలోనికి కొడుకును పంపని తండ్రి, రెండవ ప్రతి లేని దస్త్రమునకు తన పొలము నప్పగించి ఊరకుండరాదు.