మన నల్లా నీళ్లు - ఇంజనీరు కె.ఎల్. రావు

నల్లా ఎప్పుడొస్తుందో ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఉప్పల్‌లోనైనా అంతే, నాచారంలోనైనా అంతే. నల్లా వచ్చే వేళకు బిందెలు కడిగి వరసగా పెడతారు. ఒక్కరోజు నీళ్లు రాకపోతే వంట ఆగుతుంది. పిల్లల స్నానాలు ఆగుతాయి. పనికి పోవడం ఆలస్యమవుతుంది.

మరి ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మన నల్లాల్లోకి కృష్ణా నది నీళ్లు వస్తున్నాయి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తున్నాయి. దారిలో మోటార్లతో ఎత్తుకు ఎక్కించాలి. శుద్ధి చేయాలి. పెద్ద పైపుల్లో నగరానికి పంపాలి. ఈ పథకం మొదటి దశ 2004లో మొదలైంది. తర్వాత ఇంకో రెండు దశలు వచ్చాయి. గోదావరి నీళ్లను కూడా నగరానికి తెచ్చారు.

నాగార్జునసాగర్ ఆనకట్ట నమూనా వెనుక ఒక ఇంజనీరు తెలివి ఉంది. ఆయన పేరు కానూరి లక్ష్మణరావు. అందరూ కె.ఎల్. రావు అంటారు.

చదువు ఆపని పిల్లవాడు

కె.ఎల్. రావు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు.

మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. తర్వాత ఇంగ్లండు వెళ్లారు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. ఇది వైద్యం చేసే డాక్టరు పట్టా కాదు. ఒక విషయాన్ని లోతుగా పరిశోధించిన వారికి ఇచ్చే పట్టా.

ఆయన పాఠాలు కూడా చెప్పారు. బర్మా దేశంలోని రంగూన్‌లో ప్రొఫెసరుగా పనిచేశారు. ఇంగ్లండులోనూ బోధించారు. ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం పుస్తకం రాశారు. తర్వాత మన దేశానికి తిరిగి వచ్చి, ఆనకట్టల పనిలో చేరారు. 1950లో ఢిల్లీకి వెళ్లారు. అక్కడ దేశంలోని పెద్ద ప్రాజెక్టుల నమూనాలు చూసే పని ఆయనది.

రాతితో కట్టిన కొండ

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ పునాది రాయి వేశారు. నది మీది పెద్ద కట్టను రాతితో కట్టారు. దాని ఎత్తు 124 మీటర్లు. గేట్లు 26. వేలమంది కూలీలు, ఆడా మగా, రాళ్లు మోసి ఆ కట్టను లేపారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరా గాంధీ కాలువల్లోకి నీళ్లు వదిలారు. అప్పటికి కె.ఎల్. రావు కేంద్ర మంత్రిగా ఉన్నారు.

ఇంజనీరు మంత్రి ఎట్లా అయ్యారు?

ఇంజనీరు నమూనా గీస్తాడు. లెక్క కడతాడు. కానీ డబ్బు ఎంత ఇవ్వాలి? ఏ ప్రాజెక్టు ముందు కట్టాలి? ఏ ప్రాంతానికి ఎన్ని నీళ్లు? ఇవి తేల్చేది ప్రభుత్వం. అందుకే నీళ్ల గురించి తెలిసినవాళ్లు ఆ నిర్ణయాలు చేసే చోట కూడా ఉండాలి.

1962లో కె.ఎల్. రావు విజయవాడ నుంచి లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. 1967లో, 1971లో మళ్లీ గెలిచారు. 1963లో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ మంత్రి అయ్యారు. సుమారు పదేళ్లు ఆ పని చూశారు. ఆయన తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకున్నారు. దాని పేరు ‘ది కుసెక్స్ కాండిడేట్’.

కుసెక్కు అంటే ఏమిటి? నీటి పారుదలను కొలిచే కొలత. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉన్న పెట్టె అనుకోండి. దాంట్లో 28 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే దాదాపు రెండు బిందెలు. ఒక్క సెకనులో అన్ని నీళ్లు పారితే అది ఒక కుసెక్కు.

టీఎంసీ అనే మాట కూడా వార్తల్లో వింటుంటాం. అట్లాంటి పెట్టెలు వంద కోట్లు నిండితే ఒక టీఎంసీ. అంటే 2,831 కోట్ల లీటర్లు.

నీళ్ల దగ్గర తగాదా

నల్లా దగ్గర ముందు నా బిందె అంటే నా బిందె అని గొడవ పడటం మనం చూస్తాం. రాష్ట్రాల మధ్య కూడా అట్లాంటి తగాదాలే వస్తాయి. కృష్ణా నీళ్ల కోసం మహారాష్ట్ర, అప్పటి మైసూరు, ఆంధ్రప్రదేశ్ తగాదా పడ్డాయి. దాన్ని తేల్చడానికి 1969లో బచావత్ అనే జడ్జి పెద్దగా ట్రిబ్యునల్ వేశారు. అది కె.ఎల్. రావు మంత్రిగా ఉన్న కాలమే.

నది దేశం సరిహద్దు దగ్గర ఆగదు. కోసి నది నేపాల్ నుంచి మన బీహారుకు వస్తుంది. దాని మీద నేపాల్‌తో ఉన్న ఒప్పందాన్ని 1966లో సవరించారు. గంగ మన దేశం నుంచి బంగ్లాదేశ్‌కు పోతుంది. గంగ మీద ఫరక్కా దగ్గర కట్టిన బ్యారేజీ గురించి రెండు వైపులా వాదన ఉంది. నదుల సంగతి కూర్చుని మాట్లాడుకోవడానికి 1972లో రెండు దేశాలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఇవన్నీ ఆయన శాఖ చూసే విషయాలే. ఇట్లా దేశాలు కొట్లాడకుండా, మాటలతో తేల్చుకోవడాన్ని దౌత్యం అంటారు. దౌత్యానికి మాట నేర్పు ఒక్కటే చాలదు. చేతిలో సరైన లెక్క ఉండాలి.

ఆయన అనుకున్నవన్నీ జరగలేదు. 1972లో గంగను కావేరితో కలపాలని పెద్ద ఆలోచన చెప్పారు. ఆ కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. నీళ్లను చాలా ఎత్తుకు ఎక్కించాలి. దానికి బోలెడంత కరెంటు, డబ్బు కావాలి. అందుకని ఆ పని ముందుకు సాగలేదు. కె.ఎల్. రావు 1986లో కన్నుమూశారు.

కుసెక్కులో కనపడనివి

ఎన్ని నీళ్లు అనేది ఒక లెక్క. ఇంకా కొన్ని లెక్కలు ఉన్నాయి.

సాగర్ కింద ఊళ్లు మునిగాయి. అక్కడివాళ్లు ఇల్లూ పొలమూ వదిలి పోవలసి వచ్చింది. నాగార్జునకొండ లోయలో పాత బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిని కొండ మీదికి మార్చారు. ఇప్పుడు ఆ కొండ నీళ్ల మధ్య దీవి అయింది. ఒకరికి నీళ్లు వచ్చాయంటే ఇంకొకరు ఏదో వదులుకున్నారని మరచిపోకూడదు.

రెండో లెక్క, వాడిన నీళ్లది. నల్లా నుంచి వచ్చిన నీళ్లు మోరీలోకి పోతాయి. మోరీ నుంచి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి పోతాయి. ఉప్పల్ నల్ల చెరువును, నాచారం చెరువును చూస్తే మురికి ఏం చేస్తుందో తెలుస్తుంది. పీర్జాదిగూడ దగ్గర మూసీ నీళ్లతో పశువుల గడ్డి పెంచారు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలే మళ్లీ మన ఇళ్లకు వచ్చాయి.

మూసీ ఎక్కడికి పోతుంది? నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇంకా కిందికి పోతే పులిచింతల ప్రాజెక్టు వస్తుంది. 2013లో ప్రారంభమైన ఆ జలాశయం పేరు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్. అంటే కృష్ణ మనకు మంచి నీళ్లు ఇస్తోంది. మనం మురికి చేసిన నీళ్లు మళ్లీ కృష్ణకే పోతున్నాయి. కింద ఉన్న ఊళ్లలో కూడా మనలాంటి అక్కచెల్లెళ్లే బిందెలు పట్టుకుని ఉన్నారు.

మురికి నీళ్లు శుద్ధి చేసే కేంద్రాలు నల్ల చెరువు దగ్గర, నాగోల్‌లో కట్టారు. అయినా మూసీ ఇంకా బాగుపడలేదు. చదువు చెప్పేవాళ్లు కొందరు ఈ సంగతి మీద గొంతెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చెప్పిన టి. శివాజీరావు, మన పక్కనే ఉన్న ఉస్మానియాలో రాజనీతి చెప్పిన కె. పురుషోత్తం రెడ్డి అట్లాంటివారే. వాళ్లు క్లాసులోనే ఉండిపోలేదు. జనంలోకి వచ్చి కాలుష్యం గురించి చెప్పారు.

మనం ఏం చేయవచ్చు?

అందరం ఇంజనీర్లం కాలేం. మంత్రులం కాలేం. కానీ ఇప్పుడు చదవగలం, రాయగలం.

నల్లాలో నీళ్లు రంగు మారి వచ్చినా, వాసన వచ్చినా ఆ తేదీ, టైము ఒక కాగితం మీద రాసిపెట్టండి. పది ఇళ్లవాళ్లు కలిసి జలమండలికి అర్జీ రాయండి. అందరూ సంతకాలు పెట్టండి. వేలిముద్ర వద్దు, సంతకం పెట్టండి. అర్జీ నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మా బస్తీ నీళ్లను ఎప్పుడు పరీక్ష చేశారు, ఏం తేలింది అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేద కుటుంబాలవాళ్లు రుజువు చూపిస్తే ఫీజు కట్టనక్కర లేదు.

కె.ఎల్. రావు తన లెక్కల కాగితాలు పట్టుకుని పార్లమెంటుకు వెళ్లారు. మన కాగితం పట్టుకుని మనం జలమండలి ఆఫీసు దాకా వెళ్లలేమా?

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్లు వాడుతున్నారు?
2. మీ మోరీ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? పిల్లలతో కలిసి వెళ్లి చూడండి.
3. మీ బస్తీలో నీళ్ల గురించి ఒక అర్జీ రాయాలంటే మొదటి వాక్యం ఏమని రాస్తారు? రాసి చూపండి.