కొండదారిలో చేతిరేడియో

పదిమంది కలిసి అడవిదారి పట్టినప్పుడు ముందువాడు ఎంత దూరము పోయెనను దానికన్న, వెనుకవాడు ఎచ్చట నున్నాడను ప్రశ్నయే ముఖ్యమైనది. తిరుమలకొండపై పాపవినాశనము దాటి తుంబురుతీర్థమునకు పోవు లోయవంటి చోట్ల ఒక మలుపు తిరుగగానే తోడివారి కేక వినబడదు. సెల్‌ఫోను పనిచేయునను నమ్మకమును లేదు. కాలు బెణికి వెనుక కూలబడినవాని మాట ముందువారికి చేర్చు సాధనము వాకీటాకీ యను చేతిరేడియో. దాని నెన్నుకొనుట యెట్లో యీ ప్రసంగమున వివరించెదను.

అంగడిలో కొన్ని పెట్టెలమీద ముప్పది కిలోమీటర్లని వ్రాసియుండును. అది కొండకొననుండి మైదానమునకు పలికినప్పటి లెక్క. ఈ పరికరములు వాడు తరంగములు చాలవరకు చూపువలె తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుటచే, మీటరున్నర యెత్తున పట్టిన రేడియోకు దిగంతము సుమారు 5 కిలోమీటర్లు. ఎదుటివానికిని అంతియే. అనగా అడ్డములేని సమతలమున ఇద్దరి నడుమ 10 కిలోమీటర్లే హద్దు. వారిలో ఒకడు 100 మీటర్ల గుట్ట యెక్కినచో వాని దిగంతమే 40 కిలోమీటర్లు దాటును. లోయలోనో, నడుమ నున్న గుట్టయే గోడయగును. తడిసిన ఆకులును తరంగమును కొంత మ్రింగును. అడ్డులేని చోటనైనను దూరము రెట్టింపు కావలెనన్న శక్తి నాలుగింతలు కావలయును. కావున ఎక్కువ వాట్లకై సొమ్ము వెచ్చించుటకన్న, మాట తెగినప్పుడు పది అడుగులు మెరకకు ఎక్కుట మేలు. జీపులో పోవువారు రేడియోను కిటికీయొద్ద పట్టవలెను. బండి ఇనుపరేకు తరంగమున కడ్డము.

రెండవ విషయము చట్టము. మన దేశమున 2018 నాటి నియమములచే 446.0 మొదలు 446.2 మెగాహెర్ట్జుల వరకు పనిచేయు తక్కువశక్తి వాకీటాకీలకు లైసెన్సు అక్కరలేదు. వీని శక్తి సాధారణముగా అర వాటు. జట్టుగా నడచువారికి ఇది చాలును. ప్రభుత్వమువారి ఆమోదపత్రము పరికరమునకు కలదో లేదో కొనునప్పుడే విచారింపవలెను. చవుకగా దొరకు 5 వాట్ల రేడియోలు అనేకము ఇతర పౌనఃపున్యములందును పలుకును. వానిని లైసెన్సు లేక వాడుట నేరము. 144 మొదలు 146 మెగాహెర్ట్జుల పట్టీ పరీక్షలో కృతార్థులై లైసెన్సు పొందిన హామ్ రేడియోవారిది. జట్టులో ఒక్కనికి లైసెన్సున్నంతమాత్రాన తక్కినవారు ఆ పట్టీలో పలుకరాదు. ఆసక్తిగలవారికి హైదరాబాదులో 1983 లో స్థాపితమైన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ కలదు.

ఇక పరికరపు గుణములు. ఐ.పి. 67 అను గుర్తుగలది దుమ్ము చొరనీయదు; మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదు. బ్యాటరీ విడదీసి మార్చుటకు వీలుండవలెను. హిమాలయయాత్రకు పోవువారు చలికి బ్యాటరీ బలము తగ్గునని యెరిగి, అదనపు బ్యాటరీని చొక్కాలోపల వెచ్చగా నుంచుకొనవలెను. రహస్యసంకేతము లను పేర అమ్మెడి కోడులు మాటను దాచవు. ఇతరుల మాటలు మనకు వినరాకుండ మాత్రము చేయును. ఇద్దరి కోడులు వేరైనచో ఒకరి మాట ఒకరికే వినబడదు. కావున బయలుదేరుటకు ముందు అందరును ఒకే చానెలును, ఒకే కోడును పెట్టుకొనవలెను.

రెండే రేడియోలున్నచో ఒకటి ముందువానికి, ఒకటి చిట్టచివరివానికి ఈయవలెను. ఇందు ఒకరు పలుకునప్పుడు రెండవవాడు వినుటయే గాని, ఇద్దరు నొకమారు పలుకరాదు. మీట నొక్కి, క్షణమాగి, పేరు చెప్పి మాటాడవలెను. ముగించి ఓవర్ అనవలెను. పని లేకున్నను అరగంటకొకమారు పిలిచికొను నియమ ముండవలెను. పిలుపునకు బదులు రానిచో ముందువారు ఆగవలెను.

కొనిన వెంటనే దూరయాత్రకు పోరాదు. ఊరిప్రక్క గుట్టచుట్టు ఒకనిని నడిపించి, ఎచ్చట మాట తెగునో గుర్తింపుడు. ఆ హద్దు తెలిసిన జట్టు, ఆ దూరము రాకమునుపే నిలిచి, వెనుకవానిని కలుపుకొని ముందునకు సాగును.