పుట్టింటినుండి వచ్చిన ఇంజనేనా?

మన దేశములో పాత మోటారుబండిని కొనువారు రిజిస్ట్రేషన్ పత్రమును ముందు పెట్టుకొని, అందలి ఇంజను నంబరును బండిలోని నంబరుతో సరిచూచుకొందురు. రెండును కలిసినచో తృప్తి పడుదురు. కాని ఆ పత్రము చెప్పునది ఇప్పుడున్న ఇంజను సంగతియే. నడుమ ఇంజను మారి, ఆ మార్పు నమోదైనచో, పత్రములోను క్రొత్త నంబరే కనిపించును. కార్ఖానా గడప దాటిన నాడు బండిలోనున్నది ఈ ఇంజనేనా అన్నది వేరు ప్రశ్న. పురాతన వాహనములను సేకరించువారిలో ఈ ప్రశ్నకు వచ్చు జవాబును బట్టి ధర ఎంతో మారును. అందుచేతనే ఇందులో మోసమునకు చోటు కలిగినది.

అమెరికాలో షెవ్రొలే సంస్థవారి 1963 నమూనా కార్వెట్ బండిని ఉదాహరణగా తీసికొందము. వెనుక అద్దము రెండు పలకలుగా చీలిన కూపే ఆ ఒక్క యేడే వెలువడినది. మొత్తము 10,594 మాత్రమే. జాగ్వార్ బండ్లకైనచో కార్ఖానా పాత చిట్టాలనుండి ఇంజను నంబరుతో కూడిన ధ్రువపత్రము లభించును. ఈ కార్వెట్లకు ఆ సదుపాయము లేదు. ఇనుమే సాక్ష్యము చెప్పవలెను.

ఆ ఇంజనులను మిచిగన్ రాష్ట్రములోని ఫ్లింటు పట్టణమున కూర్చి, మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కార్ఖానాకు పంపి, అచ్చట బండ్లలో అమర్చెడివారు. డ్రైవరు స్థానమున కూర్చున్నవానికి కుడిచేతివైపున, ఇంజను ముందుభాగములో, సిలిండర్ హెడ్డుకు ఎదుట చదునైన చిన్న తలము కలదు. దానిపై రెండు ముద్రలుండవలెను. ఒకటి ఫ్లింటులో వేసినది. అది “ఎఫ్ 0305 ఆర్ఎఫ్” అని ఉన్నదనుకొందము. ఎఫ్ అనగా ఫ్లింటు; 0305 అనగా మార్చి 5; ఆర్ఎఫ్ అనగా ఇంధనమును పిచికారి చేయు 360 అశ్వశక్తి ఇంజను. రెండవది సెయింట్ లూయిస్‌లో వేసిన బండి వరుస సంఖ్య. అది డాష్‌బోర్డు అర క్రిందనున్న రేకుమీది సంఖ్యతో కలియవలెను. రెండు ఊళ్లలో వేరువేరు అచ్చులతో వేసినవి గనుక, రెండింటి అక్షరముల తీరు ఒక్కటే అయినచో అనుమానింపవలెను.

ఇంతటితో పరీక్ష ముగిసినదనుకొనువారే మోసపోవుదురు. అంకెల అచ్చులు, సుత్తి ఎవరికైనను దొరకును. ఇనుప దిమ్మను పోతపోసినపుడే ఉబ్బెత్తుగా ఏర్పడిన గుర్తులను మార్చుట మాత్రము అంత సులభము కాదు. దిమ్మ వెనుక అంచున ఒకప్రక్క 3782870 వంటి పోత సంఖ్య, మరొకప్రక్క పోత తేదీ ఉండును. ఏ అనగా జనవరి, బి ఫిబ్రవరి, ఇట్లు ఎల్ అనగా డిసెంబరు. “బి 18 3” అనగా ఫిబ్రవరి 18, మూడుతో ముగియు సంవత్సరము. అది 1963 సంవత్సరమో 1973 సంవత్సరమో పోత సంఖ్య తేల్చును. ఫిబ్రవరిలో పోత, మార్చి మొదట కూర్పు, మార్చి చివర బండి: ఇది నమ్మదగిన వరుస. బండి జనవరిలోనే తయారైనట్లు దాని వరుస సంఖ్య చెప్పుచుండగా దిమ్మ ఫిబ్రవరి పోత అయినచో, ఇల్లు కట్టిన తరువాత ఇటుకలు కాల్చినట్లుండును!

ఇక ముద్రలున్న తలమును చూడవలెను. కార్ఖానాలో దానిని చదును చేసిన యంత్రము ముందునుండి వెనుకకు సన్నని సమాంతర రేఖలను విడిచినది. అంకెలను ఆ తరువాతనే కొట్టిరి. కనుక అంకెల నడుమకూడ ఆ రేఖలు కనిపింపవలెను. పాత సంఖ్యను అరగదీసినచో రేఖలును పోవును. గరుకు కాగితముతో దొంగరేఖలు గీయు గడుసువారు లేకపోలేదు. ప్రక్కనుండి దీపము పట్టి, భూతద్దముతో చూడవలెను. జిడ్డును కిరసనాయిలుతో, మెత్తని గుడ్డతో తుడువవలెను; తీగబ్రష్షు తగిలించినచో సాక్ష్యమును మనమే చెరిపినవారమగుదుము.

అయితే నున్నని తలమెల్ల మోసము కాదు. ఏ మెకానిక్కో మరమ్మతుకై దిమ్మ పైభాగమును చదును చేయించినపుడు సంఖ్యలు చెరిగియుండవచ్చును. పందెములలో పగిలిన ఇంజనుకు బదులు వేరొకటి అమర్చిన బండ్లును కలవు. అప్పటికవి వట్టి పాత కార్లు. వాటిని నడిపించుకొనుటే యజమానికి కావలసినది. ఆ మాట దాచక చెప్పి, తగిన ధరకు అమ్మువాని బండి కొనదగినదే అని నా అభిప్రాయము. భూతద్దమును చూడగానే బానెట్టు మూయబోవువానితో మాత్రము బేరము పెంచక లేచి వచ్చుట మేలు.