మారుపేరు చాటున, మరపు చాటున

గ్రంథం చేత పట్టగానే కర్త పురుషుడా, స్త్రీయా అని విచారించే అలవాటు లోకంలో చాలా పాతది. ఆ విచారణను తప్పించుకోవడానికే 19వ శతాబ్దంలో ఐరోపా రచయిత్రులు కొందరు పురుషనామాలను ఆశ్రయించారు. ఫ్రాన్సులో అరోర్ ద్యుపాఁ 1832లో 'ఇండియానా' నవలను జార్జి సాండ్ పేర ప్రకటించింది. ఇంగ్లండులో బ్రాంటీ సోదరీమణులు ముగ్గురు 1846లో కరర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అనే పేర్లతో పద్యసంపుటం వెలువరించారు. మేరీ ఆన్ ఇవాన్సు జార్జి ఎలియట్ అయింది. 1859లో ఆమె 'ఆడమ్ బీడ్' కీర్తి గడించగానే, లిగ్గిన్సు అనే వ్యక్తి దాని కర్త అన్న వదంతి పుట్టింది. అంతటితో ఆమె ముసుగు తీయక తప్పలేదు.

మన ప్రాచీన కవయిత్రుల తీరు వేరు. ఆతుకూరి మొల్ల తన రామాయణంలో తండ్రి కేసన పేరును, తన పేరును స్పష్టంగా చెప్పుకొన్నది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో తన ఇంటి స్త్రీలను సగర్వంగా పేర్కొన్నది. పేరు దాచనందుకు తరువాతి కాలం ఆమెకు శిక్ష విధించింది. ఇట్టి శృంగారం స్త్రీ నోట రాదగదని వీరేశలింగం పంతులుగారంతటి సంస్కర్తయే నిందించారు. పురుషకవులకు లేని అభ్యంతరం ఈమెకేల అని ప్రశ్నించి, బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. ప్రభుత్వం దానిని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు.

భండారు అచ్చమాంబగారి విషయంలో నింద లేదు, నిషేధం లేదు, మరపు చాలింది. 1874లో జన్మించిన ఈమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఇంటివద్దనే చదువుకొన్నారు. ఆమె కథ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి' పత్రికలో అచ్చయింది. అయినను 1910 నాటి గురజాడవారి 'దిద్దుబాటు'యే తెలుగులో తొలి కథ అని చాలాకాలం చెప్పుకొన్నాము.

నవలా రచయిత్రులకు పాఠకాదరం పెరిగిన కాలంలో గాలి ఎదురు తిరిగింది. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'ఇల్లాలి ముచ్చట్లు' శీర్షికను పురాణం సీత పేర నడిపారు. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు బీనాదేవి అనే ఒకే కలంపేరుతో వ్రాశారు. పేరు మార్చుకొనే అవసరం స్త్రీ స్వభావంలోనిది కాదనీ, అది పాఠకలోకపు తూకంలోనిదనీ దీనివల్ల తేలుతున్నది.

హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడుగారు 1905లో 'గోల్డెన్ త్రెషోల్డ్' కవితలను స్వనామంతోనే లండనులో ప్రకటించారు. ఆ పుస్తకం పేరే వారి ఇంటి పేరయింది. ఆ ఇంటిలోనే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలై, పిదప గచ్చిబౌలికి తరలింది. అక్కడ తెలుగు చదివే విద్యార్థికైనా, పల్లెబడిలోని బాలికకైనా ఈ చరిత్ర అందవలసిందే. ఉపాధ్యాయులు తొలి కథను గూర్చి చెప్పునప్పుడు నల్లబల్లపై 1902, 1910 అనే రెండు సంవత్సరాలను ప్రక్కప్రక్కన వ్రాస్తే చాలు. మొదటిది ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదని పిల్లలే అడుగుతారు.