పొక్కులన్నీ ఒకటి కాదు

తెలుక్ ఇంటాన్ (మలేషియా): వంగిన గడియారం బురుజు ఉన్న ఈ ఊళ్లో మేము షాపుల వరుస ఒకటి కడుతున్నాం. ఈమధ్య ఒకరోజు పని ఆగిపోయింది. వాన వల్ల కాదు, సిమెంటు రాకా కాదు. మా కొంగ్సీలో ఉండే శ్రీకాకుళం కుర్రాడికి జ్వరం వచ్చి ఒళ్లంతా పొక్కులు లేచాయి. "మంకీపాక్స్ అన్నా" అని ఎవరో అన్నారు, అంతే. అతని చాప బయట పడేశారు. కుర్రాడేమో డాక్టరు దగ్గరికి రానంటాడు. పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేస్తారని భయం. సూపర్‌వైజర్లం ఇద్దరం బతిమాలి తీసుకెళ్లాం. చూస్తే ఆటలమ్మ!

తమాషా ఏమిటంటే, చికెన్ పాక్స్ అని పిలిచే ఈ ఆటలమ్మ వైరస్ అసలు పాక్స్ కుటుంబానిదే కాదు, హెర్పిస్ జాతిది. ఆటలమ్మ పొక్కులు విడతలు విడతలుగా లేస్తాయి. మంకీపాక్స్‌లో, అంటే ఇప్పుడు ఎంపాక్స్ అంటున్నదాంట్లో, మెడ దగ్గరో గజ్జల్లోనో బిళ్లలు కడతాయి. అరచేతుల్లో కూడా పొక్కులు రావచ్చు.

మా ఊళ్లో గేదె పొదుగు మీద పొక్కులు లేస్తే పాలు పితికే అమ్మ చేతులకూ వచ్చేవి. కొన్ని వారాల్లో మానిపోయేవి. గేదె మశూచి అంటే అదే. మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్‌కు అది దగ్గర చుట్టం. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో వేలకు వేల ఆవుల్ని చంపిన లంపీ స్కిన్ కూడా పాక్స్ కుటుంబమే, కానీ మనిషికి అంటదు. పశువును చంపేది మనిషినీ చంపుతుందని లెక్క వేయకూడదన్నమాట.

ఎంపాక్స్‌లోనే రెండు రకాలున్నాయి. కాంగో వైపుది ఒకటో రకం, పశ్చిమ ఆఫ్రికాది రెండోది. 2003లో ఘనా నుంచి అమెరికా వెళ్లిన ఎలుక జాతి జంతువుల ద్వారా రెండో రకం 47 మందికి సోకింది, ఒక్కరూ చనిపోలేదు. కాంగోలో పాత రోజుల్లో వందకు పదిమంది దాకా పోయారు. తేడాకు ఒక కారణం ఇది కావచ్చు: మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దళం వైరస్‌పై దాడి చేస్తుంది. ఆ దళాన్ని ఆపే జన్యువు పాత ఒకటో రకానికి ఉంది, రెండోదానికి లేదు. వైద్యం అందడం, తిండి, వయసు కూడా లెక్కలోకి వస్తాయి.

అన్నిటికంటే ఘోరమైన మశూచి వైరస్‌కు మాత్రం జన్యువులు తక్కువ. ఎన్నో జంతువులకు సోకే కౌపాక్స్‌కు ఎక్కువ. మశూచి మిగతా జంతువుల్ని వదిలేసి మనిషి ఒక్కడి మీదే పడింది. అందుకే దాన్ని 1980 నాటికి లోకంలో లేకుండా చేయగలిగారు. జంతువుల్లో దాక్కునే ఎంపాక్స్‌తో ఆ పని కుదరదు.

బగాన్ దాతో తోటల్లోని మన తెలుగు పెద్దల జబ్బల మీద మశూచి టీకా మచ్చలు చూశాం. ఆ టీకా ఎంపాక్స్‌నూ చాలావరకు ఆపుతుంది. ముప్ఫైల్లో ఉన్న మాకు, మా కుర్రాళ్లకు ఆ మచ్చ లేదు. 2024 సెప్టెంబరులో యూఏఈ నుంచి కేరళ వచ్చిన ఒకాయనలో ఒకటో రకం కనిపించింది. ఆయనా మనలాగే బయటి దేశం నుంచి ఇంటికి వెళ్లినవాడే.

పెచ్చులు రాలేదాకా కుర్రాడికి మేమిద్దరమే అన్నం పెట్టాం, చిన్నప్పుడే మాకు ఆటలమ్మ వచ్చిపోయింది కనుక. రెండు వారాల కూలి పోయింది. సగమైనా ఇస్తానన్నాడు కాంట్రాక్టరు. ఇంకా ఇవ్వలేదు, అడుగుతూనే ఉన్నాం.